ఎలుగుబంటి కళ్ళు తెరిచినప్పుడు మోగిన గంట

మానవజాతికి ఇంతవరకూ దక్కిన వరాల్లో నిప్పు మొదటిది. చక్రం రెండోది. పాత సినిమా నేపథ్య సంగీతాన్ని నిడివి పెంచి మళ్ళీ సీడీగా విడుదల చేయడం మూడోది!

నవ్వకండి. నేను నిజంగానే అంటున్నాను.

ఒకే వస్తువును ఒకే మనిషి నాలుగుసార్లు కొని, కొన్నప్పుడల్లా మురిసిపోయి, మురిసిన మర్నాడే "నన్ను నిలువునా ముంచేశారు" అని లోకమంతా చాటుకునే సౌకర్యం ఇంకెందులో ఉంది? పెళ్ళిలో ఉందా? ఇల్లు కట్టుకోవడంలో ఉందా? మొదట అరగంట సంగీతంతో ఎల్పీ రికార్డు వస్తుంది. తర్వాత ఆ అరగంటే సీడీగా వస్తుంది. ఆ తర్వాత కొత్త ముక్కలు కలిపిన సీడీ. చివరికి దొరికిన ముక్కలన్నీ, దొరకని వాటికి క్షమాపణలూ కలిపిన రెండు డిస్కుల పెట్టె!

దానివల్ల సమాజానికి ఒరిగేదేమిటంటారా?

మా కాలిఫోర్నియా బర్బాంక్ చుట్టుపక్కల రిటైరైన దంతవైద్యులు, బడి బ్యాండు మాస్టర్లు, పన్నుల ఆఫీసర్లు ఎందరున్నారో మీకు తెలియదు. అందరికీ బోలెడంత తీరిక, అంతకు మించిన కోపం. ఈ సీడీలే లేకపోతే ఆ కోపం ఎటు పోతుంది? పక్కింటివాడి చెట్టుకొమ్మ మీదికి పోతుంది. నగరసభ మీటింగులోకి పోతుంది. రాజకీయాల్లోకి పోతుంది! ఇప్పుడు చూడండి. అంతా బుద్ధిగా ఇంటర్నెట్ ఫోరమ్‌లో కూర్చుని, పాటల వరుస సినిమాలో ఉన్నట్టుండాలా, పాత రికార్డులో ఉన్నట్టుండాలా అని తిట్టుకుంటున్నారు. ఒక్క రక్తపు బొట్టు చిందదు. ఇంత చవగ్గా శాంతిని ఏ ప్రభుత్వం తేగలిగింది?

నమ్మకం కుదరకపోతే వార్టాన్ షిరాజియన్‌కు ఏం జరిగిందో వినండి.

వార్టాన్‌ది సంగీతం కంపెనీ. అందులో మనిషి ఒక్కడే. ఆఫీసు, మాగ్నోలియా వీధిలో అతని భార్య సిర్వార్డ్ నడిపే బేకరీ వెనకగది. ముందు గదిలో లహ్మజూన్ అనే ఆర్మేనియా మాంసం రొట్టెలు కాలుతుంటాయి, వెనక గదిలో పాత టేపులు శుభ్రమవుతుంటాయి. అతని సీడీలకు ఎప్పుడూ కొంచెం వెల్లుల్లి వాసన ఉంటుందని ఫోరమ్‌లో శాశ్వతమైన ఫిర్యాదు ఒకటుంది.

ఆ వార్టాన్ ఏళ్ళ తరబడి వెతికి వెతికి ఒక నిధిని పట్టాడు. "తొంభై బారల లోతున" అనే సినిమాకు ఎల్స్‌వర్త్ పైక్ కట్టిన సంగీతం. అది జలాంతర్గామిలో ఇరుక్కున్న సర్కస్ ఎలుగుబంటి కథ. ఎలుగుబంటిని జలాంతర్గామిలోకి ఎందుకు ఎక్కించారో తీసినవాళ్ళకే తెలియదు. సినిమా వారం తిరక్కుండా పోయింది. ఎలుగుబంటి వేషం కట్టినవాడు పేరు మార్చుకుని ఇన్సూరెన్సులో చేరాడని చెప్పుకుంటారు.

సంగీతం మాత్రం అమృతం!

కానీ ఆ అమృతం ఏనాడూ రికార్డుగా రాలేదు. ఎవరో ఎప్పుడో దొంగచాటుగా చేసుకున్న క్యాసెట్టు, దానికో నకలు, ఆ నకలుకో నకలు. అలా ఒక తరం నుంచి ఇంకో తరానికి చేతులు మారుతూ వచ్చింది. అందులో సంగీతం కన్నా టేపు బుసే ఎక్కువ. అయినా ఈ మనుషులు కళ్ళు మూసుకుని, చెవులు రిక్కించి, ఆ బుసలోంచే సంగీతాన్ని పిండుకుని బతికారు.

వార్టాన్‌కు అసలు మాస్టర్ టేపే దొరికింది. స్టూడియో గోదాములో, టూత్‌పేస్టు ప్రకటనల డబ్బాల మధ్య. ఇక అతని సంతోషం పట్టతరమా? కానీ దానికి ఒక మెలిక ఉంది.

ఆ మెలిక పైక్ గారి ఇంట్లో ఉంది. ఎనభై దాటిన ఆ పెద్దమనిషి గరాజ్‌లో ఆయన చేసిన మిగతా సినిమాలన్నిటి టేపులూ పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. లోకంలో ఇంకెక్కడా నకలు లేదు. ఆయన భార్య డోలరెస్‌కేమో కుండలు కాల్చే బట్టీ పెట్టుకోవడానికి ఆ గరాజ్ కావాలి.

"ఇదిగో వార్టాన్," అన్నాడు పైక్, "నువ్వు ముందు ఈ ఎలుగుబంటి డిస్కు వదులు. జనం సంతోషిస్తే గరాజంతా నీదే, తోలుకుపో. తిట్టారా, శుక్రవారం చెత్త లారీ వస్తుంది. మాట్లాడేశాను. ఆ సినిమాకు అప్పుడొకసారి తిట్లు తిన్నాను. ఈ వయసులో రెండో వాయిదా నాకొద్దు."

"తిట్టడమా! పూజ చేస్తారు సార్!" అన్నాడు వార్టాన్.

అయ్యో అమాయకుడా!

సోమవారం పొద్దున ప్రకటన వెలువడింది, డిస్కులు అమ్మకానికి వచ్చాయి. ఆనవాయితీ ప్రకారం ఫోరమ్‌లో శాంపిల్ కూడా పెట్టాడు. తొమ్మిదో ట్రాక్, 'ఎలుగు మేలుకుంది' నుంచి అర నిమిషం. నీళ్ళలో పాకుతున్నట్టు వయొలిన్లు వస్తాయి. ఆగుతాయి. నిశ్శబ్దం. ఎలుగుబంటి కళ్ళు తెరుస్తుంది.

వార్టాన్ కాఫీ కలుపుకుని వచ్చేసరికి మొదటి స్పందన వచ్చేసింది. రాసినవాడు డాక్టర్ ఆర్డెన్ క్విగ్లీ. పాసడీనాలో రిటైరైన దంతవైద్యుడు, ఫోరమ్‌కు పీఠాధిపతి, అందరూ పిలిచేది డాక్ అని. ఆయన తల ఊపితే అందరి తలలూ ఊగుతాయి. ఆయన రాసింది రెండే మాటలు.

"గంట ఏది?"

గంట! పాత క్యాసెట్టు విన్నవాళ్ళెవరికైనా ఆ గంట తెలుసు. సరిగ్గా ఎలుగుబంటి కళ్ళు తెరిచే క్షణాన ఠణంగ్‌మని మోగి, ఆ తర్వాత గిర్రున తిరుగుతూ సన్నగిల్లిపోతుంది. ఆ మోతలో ఆధునిక మానవుడి ఏకాకితనమంతా ఉందని డాక్ ఒక పెద్ద వ్యాసమే రాశాడు. స్పెయిన్‌లో ఒకాయన ఆ మోత తాలూకు ధ్వనితరంగపు గీతను భుజం మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. ఒహాయోలో ఒక జంట ఉంగరాలకు బదులు ఆ గంట మోగించి పెళ్ళాడింది!

అలాంటి గంట కొత్త డిస్కులో లేదు.

మధ్యాహ్నానికి ఫోరమ్ తగలబడిపోయింది. 'శుభ్రం చేస్తున్నానని గంటను చెరిపేశాడు' అని ఒకడు. 'చెరపలేదు, దాచాడు, వచ్చే ఏడు గంటతో కలిపి ఇంకోసారి అమ్ముతాడు' అని ఇంకొకడు. 'వెల్లుల్లి తినేవాడికి గంట విలువేం తెలుసు' అని మూడోవాడు.

వార్టాన్ మాస్టర్ టేపు మళ్ళీ పెట్టాడు. గంట లేదు. విడివిడి వాద్యాల టేపులు విన్నాడు. లేదు. పైక్ చేతిరాత స్వరాలు భూతద్దం పెట్టి చూశాడు. ఆ చోట తెల్లకాగితం తప్ప ఏమీ లేదు.

"సిర్వార్డ్, నాకు పిచ్చెక్కుతోంది. టేపులో లేని గంట క్యాసెట్టులోకి ఎలా వచ్చింది?"

"పైక్ గారినే అడుగు, వార్టాన్."

"అడిగితే జనం తిడుతున్నారని తెలిసిపోదూ? శుక్రవారం లారీ వచ్చేస్తుంది!"

"అయితే అడక్కు."

"అడక్కపోతే గంట ఎక్కణ్ణుంచి తేను?"

"అయితే నోరు మూసుకుని ఈ ట్రేలు సర్దు. గంటల సంగతి తర్వాత, ముందు రొట్టెలు మాడిపోతున్నాయి."

కుడితిలో పడ్డ ఎలుక ఏం చేస్తుంది? ఈదుతుంది. వార్టాన్ కూడా ఈదాడు. వాద్యాలు అద్దెకిచ్చే షాపుకు పరుగెత్తి గుడిగంట, ఓడగంట, లారీ బ్రేకు డ్రమ్ము, ఆఖరికి ఇనుప పట్టా ముక్క కూడా తెచ్చి మోగించాడు. ఆ ఠణంగ్‌ను గుట్టుగా కలిపి సవరించిన డిస్కు అందరికీ ఉచితంగా పంపేస్తే పీడ విరగడవుతుందని ఆశ. మోగించిన ప్రతిదాన్నీ డాక్‌కు ఫోన్లో వినిపించాడు.

"ఇది ఓడగంట," అన్నాడు డాక్. "నాకు కావలసింది ఒంటరితనం."

"ఇదీ?"

"ఇది ఇనుము. పంటి మీద డ్రిల్లు పెట్టినట్టుంది."

"పోనీ ఇది వినండి డాక్!"

"దీనిలో బాధ ఉంది. కానీ వేరే రకం బాధ."

ఇలా శుక్రవారం వచ్చేసింది. పొద్దున్నే డాక్ నుంచి ఫోను.

"వార్టాన్, నీవల్ల కాదని తేలిపోయింది. పైక్ గారి ఇల్లు టొలూకా లేక్ పేటలోనట, కనుక్కున్నాను. ఆ గంటేమిటో ఆయన్నే అడుగుతాను. బయల్దేరాను కూడా."

ఫోను పెట్టేశాడు!

వార్టాన్ ఏప్రన్ కూడా విప్పలేదు. రొట్టెల ట్రేలతో సహా బేకరీ వ్యాను ఎక్కి పరుగు పెట్టించాడు. డాక్ కన్నా ముందు చేరాలి. ఆ తలుపు తట్టనివ్వకూడదు. రివర్‌సైడ్ డ్రైవ్ మీదికి తిరిగాడో లేదో, ముందు ఒక చెత్త లారీ! నత్తకు నడక నేర్పుతున్నట్టు పోతోంది. హారన్ కొట్టాడు. లారీ కదల్లేదు. లారీ ఎడమకు తిరిగింది. వార్టాన్ వెళ్ళాల్సిందీ ఎడమకే. కుడికి తిరిగింది. వార్టాన్‌దీ కుడే. అప్పుడు తట్టింది అతనికి, ఆ లారీ ఎవరింటికి పోతోందో.

రెండు బళ్ళూ కలిసే పైక్ ఇంటి ముందు ఆగాయి. గుమ్మం దగ్గర అప్పటికే డాక్, మెడకు టై కట్టుకుని బెల్లు నొక్కుతున్నాడు. తలుపు తెరిచి పైక్ స్నానం గౌనులో నిలబడ్డాడు.

"ఎవరు బాబూ నువ్వు?"

డాక్ నోరు తెరిచేలోగా వార్టాన్ మధ్యలో దూరాడు. "సార్! ఈయన డెంటిస్టు. మీ పళ్ళు చూద్దామని వచ్చారు!"

"నా పళ్ళు బాత్‌రూమ్‌లో గ్లాసులో ఉన్నాయి. చూస్తానంటే తెస్తాను," అన్నాడు పైక్.

"పళ్ళు కాదు సార్!" డాక్ చేతులు జోడించాడు. "నేనొక భక్తుణ్ణి. ఒక్కటే ప్రశ్న. ఎలుగుబంటి కళ్ళు తెరిచినప్పుడు మోగే గంట... అది ఏ వాద్యం సార్?"

"ఏ గంట?"

డాక్ జేబులోంచి క్యాసెట్టు తీశాడు. వంటగదిలో పాత టేప్ రికార్డరుంటే అందులో పెట్టారు. బుస. వయొలిన్లు. నిశ్శబ్దం. ఠణంగ్! గిర్‌ర్‌ర్...

పైక్ కనుబొమలు పైకి లేచాయి. పొయ్యి దగ్గర నిలబడ్డ డోలరెస్ గరిటె పట్టుకుని ఇటు తిరిగింది.

"అది నా మూత!"

"ఏమిటీ?" అన్నాడు డాక్.

"నా పెద్ద దాక మూత. ఈయనగారు అప్పట్లో ఒక రోజు ఇంటికి అతిథుల్ని పిలిచి ఆ టేపు వినిపిస్తూ కూర్చున్నాడు. వాళ్ళలో ఎవడో రికార్డరు పెట్టినట్టున్నాడు, తిండికొచ్చి దొంగతనం! నేను మాంసం వండుకుని పిలుస్తున్నాను, పిలుస్తున్నాను, ఒక్కడూ లేవడు. చల్లారిపోతోంది. ఒళ్ళు మండి మూత నేలకేసి కొట్టాను. అప్పుడు లేచారు."

డాక్ కుర్చీ వెతుక్కున్నాడు. "మరి... ఏకాకితనం?"

"ఏకాకితనమేమిటి నీ మొహం! ఇల్లు నిండా జనం!"

పైక్ పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. వార్టాన్ వైపు తిరిగాడు.

"అంటే జనం తిడుతున్నారన్నమాట."

వార్టాన్ తల దించుకున్నాడు. "అవును సార్."

"నా పెళ్ళాం మూత లేదనా?"

"అవును సార్."

"సరే. మిగతా సంగీతం ఎలా ఉందన్నారు?"

వార్టాన్ ఆ నాలుగు రోజులుగా చదివిన పేజీలన్నీ తలలోనే తిరగేశాడు. గంట గురించి ఉంది. అట్ట మీది నీలిరంగు గురించి ఉంది. వెల్లుల్లి గురించి ఉంది. మిగతా సంగీతం గురించి... ఎంత వెతికినా ఒక్క వాక్యం తగల్లేదు. డాక్ వైపు చూశాడు.

డాక్ మాట మార్చాలని కోటు లోపలి జేబులోంచి కొత్త డిస్కు తీసి ముందుకు చాపాడు. "సార్, దీని మీద ఒక్క సంతకం..."

పైక్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. గోరుతో గీకాడు. పైన ప్లాస్టిక్ కాగితం చెక్కుచెదరలేదు.

"సంతకం ప్లాస్టిక్ మీద పెట్టనా?"

"అంటే... సీల్ తీస్తే డిస్కు విలువ పోతుందండి. శాంపిల్ విన్నాను. అర నిమిషం."

"మిగతా వాళ్ళో?"

"అందరూ అదే విన్నారండి."

పైక్ డిస్కు తిరిగి డాక్ చేతిలో పెట్టేశాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. "ఎక్కించెయ్యవయ్యా!"

బయట లారీ డ్రైవరు గరాజ్ తలుపెత్తాడు. మొదటి పెట్టె భుజానికెత్తాడు. వార్టాన్ పరుగెత్తి వెళ్ళి లారీ వెనక చేతులు చాపి నిలబడ్డాడు. పిండి అంటిన ఏప్రన్‌తో దిష్టిబొమ్మలా ఉన్నాడు.

"పక్కకు జరగండి సార్, ఇంకా మూడిళ్ళున్నాయి నాకు," అన్నాడు డ్రైవరు.

"ఎవడూ ఎక్కడికీ కదలడానికి వీల్లేదు!"

డోలరెస్! చేతిలో వంటగది కత్తెర. గుమ్మంలోంచి అరిచిందావిడ. "బట్టీ నాకు కావాలి, నిజమే. కానీ ఆ సంగీతం కోసం నా మాంసం చల్లారిపోయింది. నేనే దాన్ని సరిగ్గా వినలేదు. విన్నాక పారేస్తాను. అందరూ లోపలికి రండి. నువ్వు కూడా, లారీ అబ్బాయ్!"

లోపలికెళ్ళి డాక్ చేతిలోని డిస్కు లాక్కుంది. కత్తెర మొన పెట్టింది. ప్లాస్టిక్ సర్‌ర్‌మని చిరిగింది. మత్తు ఇవ్వకుండా దవడ పన్ను పీకితే రోగులు ఎలా అరుస్తారో డాక్‌కు బాగా తెలుసు. ఇప్పుడు తనే అరిచాడు.

"మొదటి నుంచి చివరి దాకా. మధ్యలో నోరు తెరిచినవాడికి ఇవాళ భోజనం లేదు," అంది.

కూర్చున్నారు. ఎవరూ నోరు తెరవలేదు. లోపల దాకలో మాంసం ఉడుకుతున్న వాసన ఊరికే రాదుగా!

తొమ్మిదో ట్రాక్ వచ్చింది. వయొలిన్లు పాకుతూ వచ్చి ఆగాయి. నిశ్శబ్దం. గంట లేదు, మూత లేదు, ఏమీ లేదు. ఆ ఏమీ లేనితనంలో, ఎక్కడో బాగా అడుగున, ఒకే ఒక్క బాకా ఊపిరి పీలుస్తోంది. ఎలుగుబంటి ఊపిరి. క్యాసెట్టులో ఇన్నేళ్ళూ మూత కింద పడి నలిగిపోయిన ఊపిరి. లారీ డ్రైవరు తెలియకుండానే కాళ్ళు పైకి ముడుచుకున్నాడు.

డిస్కు అయిపోయింది. పైక్ ఎవరి మొహమూ చూడకుండా గౌను తాడు వేలికి చుట్టుకుంటున్నాడు. డాక్ కళ్ళజోడు తీశాడు, తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"మిస్టర్ పైక్..."

"చెప్పు."

"పద్నాలుగో ట్రాక్‌కూ పదిహేనో ట్రాక్‌కూ మధ్య ఖాళీ కొంచెం ఎక్కువైందండి."

వేలు తెగిందని మందు అడిగితే మెడ నరికినట్టయింది వార్టాన్‌కు!

పైక్ లేచి నిలబడ్డాడు. "పద్నాలుగా? పదిహేనా? డోలరెస్! విన్నావా? వీడు పదిహేను దాకా విన్నాడు! నా జన్మకు ఒక్కడు, ఒకే ఒక్కడు, చివరిదాకా విని మరీ తిట్టాడు!" డాక్ చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. "నువ్వన్నది నిజమేనయ్యా. ఆ ఖాళీ ఎక్కువే. నాకూ అనిపించింది!" తర్వాత డ్రైవరు వైపు తిరిగాడు. "ఏం చూస్తున్నావ్? పెట్టెలన్నీ లారీలోకి ఎక్కించు."

"సార్!" అన్నాడు వార్టాన్, ఏడుపు గొంతుతో.

"బేకరీ అడ్రసు చెప్పు వాడికి," అన్నాడు పైక్. "ముందు తినండి. చల్లారిపోతే ఆవిడ ఏం చేస్తుందో చూశారుగా!"

కాబట్టి పాఠకులారా, ఈ సీడీలూ, వాటి మీది ఫిర్యాదులూ వరమని నేను మొదట్లో అన్నదాంట్లో అబద్ధం ఉందా? ఒక ఫిర్యాదు గరాజంతటినీ చెత్తకుప్పకు దొర్లించబోయింది. ఇంకో ఫిర్యాదు దాన్నంతా కాపాడింది. రెండో ఫిర్యాదు చేసినవాడు విని చేశాడు. తేడా అంతే.

ఆ సాయంత్రం డాక్ ఫోరమ్‌లో తన జీవితంలోకెల్లా పెద్ద సమీక్ష రాశాడు. గంట మూతేనని ఒప్పుకున్నాడు. ఏకాకితనం వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. ట్రాక్ ట్రాక్‌నూ పేరుపేరునా పొగిడాడు. డిస్కు విప్పి, ఎలుగుబంటి ఊపిరి వినమని అందర్నీ చేతులెత్తి వేడుకున్నాడు. చివర్లో ఆ ఖాళీ సంగతి కూడా మర్చిపోకుండా చేర్చాడు.

బేకరీ వెనకగదిలో, పైకప్పు దాకా లేచిన టేపు పెట్టెల మధ్య, వార్టాన్, సిర్వార్డ్ కంప్యూటరు ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. సంగీతం గురించిన మొదటి మాట కోసం.

మొదటి స్పందన వచ్చింది.

"డాక్! మీరు సీల్ తీసేశారా?!"

ఆ వెనకే, వరుసగా, సంతాప సందేశాలు మొదలయ్యాయి.